మొటిమలకి యాంటీబయాటిక్ మాత్రలు: ఎవరికి, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాతలో పెడుతున్నాం. వీడియో చూసే టైం లేనివాళ్లు, ఈరోజు డేటా అయిపోయినవాళ్లు చదివేసుకోవచ్చు.

ఫేస్‌వాష్ గురించి మాట్లాడినా, సన్‌స్క్రీన్ గురించి మాట్లాడినా చివరికి మీ దగ్గర్నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, డాక్సీసైక్లిన్ వేసుకుంటే మొటిమలు పోతాయంట కదా, ఎన్ని రోజులు వేసుకోవాలి?" ఇంకొందరు, "అక్కకి రాసిచ్చిన అజిత్రోమైసిన్ మిగిలింది, నేను వాడొచ్చా?" అని అడుగుతున్నారు. అందుకే ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీ ముందు కెమెరా పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. కాబట్టి మీకు మందు రాయను. ఈ మందు లోపల ఏం చేస్తుంది, ఏం చేయలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీరు ఏం అడగాలి, ఇవి మాత్రం చెప్తా.

మొత్తం ఎపిసోడ్‌లో ఒక్క ముక్కే గుర్తుండాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: మొటిమలకి యాంటీబయాటిక్ మాత్ర అనేది కొన్ని వారాలు ఆసరాగా ఉండే మందు. అది ఒంటరిగా పని చేయదు. మొదలుపెట్టే రోజే, ఆపే తేదీ కూడా తెలిసి ఉండాలి.

అసలు మొటిమ ఎలా వస్తుంది?

చర్మం మీద ప్రతి వెంట్రుక మొదట్లో ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. దాని పక్కనే నూనె గ్రంథి. టీనేజ్‌లో హార్మోన్లు పెరిగేసరికి ఆ గ్రంథి జిడ్డుని ఎక్కువగా వదులుతుంది. ఇది ఒకటి. రంధ్రం లోపలి చర్మకణాలు రాలి బయటికి రాకుండా అక్కడే అతుక్కుని మూత వేసేస్తాయి. ఇది రెండు. మూత పడ్డ చోట గాలి తగ్గి, జిడ్డు పెరిగి, క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా హాయిగా కాపురం పెడుతుంది. ఇది మూడు. దాన్ని చూసి మన రోగనిరోధక వ్యవస్థ దండెత్తుతుంది, ఎర్రగా వాస్తుంది, చీము పడుతుంది. ఇది నాలుగు.

ఇప్పుడు గమనించండి. ఆ బ్యాక్టీరియా బయటనుంచి వచ్చింది కాదు. మొటిమలు లేనివాళ్ల మొహం మీద కూడా ఉంటుంది. అంటే మొటిమ అనేది జలుబులాగా ఎవరి దగ్గర్నుంచో అంటుకునే ఇన్ఫెక్షన్ కాదు. నాలుగు కారణాలు కలిస్తే వచ్చే వాపు. యాంటీబయాటిక్ పని చేసేది ఈ నాలుగింట్లో మూడో దాని మీద, నాలుగో దాని మీద. జిడ్డుని అది తగ్గించదు. రంధ్రానికి పడ్డ మూతని తీయదు. మాత్ర ఆపగానే మొటిమలు మళ్లీ ఎందుకొస్తాయి అంటే కారణం ఇక్కడే ఉంది. మొదటి రెండు కారణాలు ఎక్కడికీ పోలేదు కదా.

మా ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే, సర్వర్ మాటిమాటికీ పడిపోతుంటే రీస్టార్ట్ చేయడం లాంటిది. అర్ధరాత్రి రెండింటికి రీస్టార్ట్ అవసరమే, కాదనను. కానీ బగ్ అలాగే ఉంచి ఏడాదంతా రీస్టార్ట్ చేసుకుంటూ కూర్చుంటామా?

ఏ మందులు వాడతారు?

ఎక్కువగా వాడేది టెట్రాసైక్లిన్ కుటుంబం. టెట్రా అంటే నాలుగు. ఈ మందు అణువులో నాలుగు వలయాలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి, పేరు అందుకే వచ్చింది. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ ఈ కుటుంబంవే. ఇవి బ్యాక్టీరియాని నేరుగా చంపవు. బ్యాక్టీరియా లోపల ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ అనే చిన్న ఫ్యాక్టరీ ఉంటుంది, దానికి అడ్డంపడి పని ఆపేస్తాయి. దాంతో బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది.

వీటికి ఇంకో గుణం కూడా ఉంది. బ్యాక్టీరియాతో సంబంధం లేకుండా వాపుని కూడా తగ్గిస్తాయి. బ్యాక్టీరియాని ఏమీ చేయలేనంత చిన్న మోతాదులో డాక్సీసైక్లిన్ ఇచ్చినా రోజేసియా అనే చర్మ సమస్యలో ఎర్రదనం, పొక్కులు తగ్గుతాయి. మొటిమల్లో దీనికి పేరు రావడానికి ఈ రెండో గుణం కూడా కారణమే.

ఈ కుటుంబం కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పరిశోధనలకి ఆయన నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే, అక్కడ పనిచేస్తున్న బెంజమిన్ డుగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ని కనిపెట్టారు. 1948లో ప్రపంచానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్లలో మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అప్పట్లో మనుషుల ప్రాణాలు నిలబెట్టడానికి మట్టి జల్లెడ పట్టి మరీ వెతుక్కున్న మందులివి. ఈ మాట కొంచెం మనసులో పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇక మన దగ్గర బాగా నడిచే ఇంకో పేరు అజిత్రోమైసిన్. ఇది వేరే కుటుంబం. వారంలో మూడు రోజులు వేసుకుని మిగతా రోజులు ఆపే పద్ధతిలో కొందరు డాక్టర్లు రాస్తారు. డాక్సీసైక్లిన్ పడనివాళ్లకి, గర్భిణులకి ఇలాంటి మందు గురించి ఆలోచిస్తారు. అయితే అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు మొదటి స్థానం డాక్సీసైక్లిన్‌కే ఇచ్చాయి, అజిత్రోమైసిన్ కంటే దానివైపే మొగ్గాయి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు?

నుదుటి మీద నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు, అక్కడక్కడా ఒకటీ రెండు మొటిమలు. ఇంతవరకే అయితే మాత్ర అవసరం రాదు. పూత మందులు చాలు. ఎర్రగా వాచి చీము పట్టినవి మొహం నిండా ఉన్నా, ఛాతీకి, వీపుకి పాకినా, మచ్చలు పడే సూచన ఉన్నా, అప్పుడు డాక్టర్ మాత్ర గురించి ఆలోచిస్తారు.

మొటిమల్లా కనిపించి మొటిమలు కానివి కూడా ఉంటాయి. నుదుటి మీదో, వీపు మీదో ఒకే సైజులో, దురదగా, గుంపుగా వస్తే అది ఫంగస్ వల్ల కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా పెరుగుతుంది. తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాసుకున్నవాళ్లకి వచ్చే మొటిమలు వేరు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల తర్వాత వచ్చేవి వేరు. అమ్మాయిల్లో నెలసరి సరిగా రాకుండా, గడ్డం కింద మొటిమలు, మొహం మీద వెంట్రుకలు పెరుగుతుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. వీటన్నిటికీ దారులు వేరు. మెడికల్ షాపు కౌంటర్ మీద నిలబడి మొహం చూపిస్తే ఇవేవీ తేలవు.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి మొటిమల కోసం డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ ఇవ్వరు. టెట్రాసైక్లిన్లు కాల్షియంని పట్టుకుంటాయి. పెరిగే పళ్లలో, ఎముకల్లో చేరి పళ్లకి పోని మరక వదిలే ప్రమాదం ఉంది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ మాట మొహమాటపడకుండా డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఎన్నాళ్లు?

ఇక్కడే అందరూ రెండు వైపులా తప్పటడుగు వేస్తారు.

ఒక వైపు, పది రోజులు వేసుకుని "ఏం తేడా లేదు, వేస్ట్" అని ఆపేసేవాళ్లు. మొటిమ తగ్గే ప్రక్రియే నెమ్మదిది. తేడా కంటికి కనిపించడానికే చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అద్దంలో రోజూ చూసుకుంటే తెలియదు. మొదటి రోజు ఒకే వెలుతురులో, ఫిల్టర్ లేకుండా మూడు ఫొటోలు తీసి పెట్టుకోండి. నెలకోసారి అలాగే తీసి పోల్చుకోండి.

రెండో వైపు, తగ్గింది కదా అని ఏడాదిపాటు సాగదీసేవాళ్లు. మా పాత ఆఫీసులో ఒకతను ఉండేవాడు. ఎప్పుడో డాక్టర్ రాసిన చీటీ ఫొటో అతని ఫోన్ గ్యాలరీలో ఉండేది. మొటిమ వచ్చినప్పుడల్లా ఆ ఫొటో చూపించడం, రెండు స్ట్రిప్పులు తెచ్చుకోవడం, పెళ్లిచూపులకి ముందొక రౌండు, ఆన్‌సైట్ వీసా ఇంటర్వ్యూకి ముందొక రౌండు. మొహం నెల రోజులు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మాత్రతో పాటు రాసిన రెండు ట్యూబులు ఏం చేశారు?" అని. ఆ చీటీలో మాత్ర కింద ఇంకో రెండు లైన్లు ఉన్నాయి. వాటిని అతను ఒక్కసారి కూడా కొనలేదు.

సాధారణంగా చెప్పే గడువు మూడు నుంచి నాలుగు నెలలు. ఆ లోపు డాక్టర్ మళ్లీ చూసి, తగ్గితే మాత్ర ఆపి పూత మందులు కొనసాగిస్తారు. తగ్గకపోతే ఇంకో దారి చూస్తారు. అమ్మాయిలకైతే హార్మోన్ల మీద పనిచేసే మందులు, గడ్డలు కట్టి మచ్చలు పడుతుంటే ఐసోట్రెటినాయిన్. ఈ చివరిది డాక్టర్ కళ్లముందు తప్ప వాడకూడని మందు. గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తుంది. దీన్ని డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు. రెండూ కలిస్తే పుర్రె లోపల ఒత్తిడి పెరిగి, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం దాకా వెళ్లొచ్చు.

"యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయాలి" అని చిన్నప్పట్నుంచి వింటున్నాం కదా. మొటిమల విషయంలో పూర్తి చేయడం అంటే చెప్పిన తేదీ దాకా వాడటం, ఆ తేదీకి ఆపడం. రెండూ ముఖ్యమే.

ఆ రెండు ట్యూబులు ఏంటి?

ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్. రంధ్రంలోకి ఆక్సిజన్ వదిలి బ్యాక్టీరియాని చంపుతుంది. దీనికి బ్యాక్టీరియా అలవాటుపడి మొండికేయడం అనేది జరగదు. అందుకే యాంటీబయాటిక్‌తో పాటు దీన్ని కలిపి ఇస్తారు. మాత్రకి లొంగని బ్యాక్టీరియా ఏదైనా మిగిలితే ఇది దాన్ని చూసుకుంటుంది. ఎక్కువ శాతం ఉన్నది కొంటే ఎక్కువ పని చేస్తుందనుకోకండి. 2.5 శాతం కూడా దాదాపు అంతే పని చేస్తుంది, మంట తక్కువ. ఒక్క ఇబ్బంది, బట్టల రంగు తినేస్తుంది. దిండు గలీబు, టవల్ తెల్లవి వాడుకోండి.

రెండోది అడాపలీన్ లాంటి రెటినాయిడ్. రాత్రిపూట రాసుకునేది. రంధ్రానికి మూత పడకుండా చూస్తుంది. ఇందాక చెప్పిన రెండో కారణం మీద పనిచేసేది ఇదే. మొదటి కొన్ని వారాలు చర్మం పొడిబారి పొట్టు రాలుతుంది. గర్భిణులు వాడకూడదు. మాత్ర ఆపాక మొహాన్ని కాపాడేది ఈ ట్యూబులే.

మాత్ర వేసుకునేటప్పుడు

డాక్సీసైక్లిన్ రాసిచ్చారు అనుకుందాం. హాస్టల్లో చాలామంది చేసేది, పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మాత్ర మింగి వెంటనే దుప్పటి కప్పేసుకోవడం. మాత్ర గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే కరిగి పుండు చేస్తుంది. మర్నాడు మంచినీళ్లు మింగినా ఛాతీలో మంట. అందుకే నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోవచ్చు.

ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్‌లు దీన్ని ఒంట్లోకి ఎక్కనివ్వవు. పాలు కూడా కొంత తగ్గిస్తాయి. వాటికీ దీనికీ మధ్య రెండు మూడు గంటలు గ్యాప్ ఉంచండి. రక్తం తక్కువని ఐరన్ వాడుతున్న అమ్మాయిలు ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఎండ. డాక్సీసైక్లిన్ వేసుకున్నవాళ్ల చర్మం మామూలు కంటే త్వరగా కమిలిపోతుంది. మన మే నెల ఎండలో బైక్ మీద అరగంట వెళ్తే చేతులు ఎర్రగా కాలినట్టు అవుతాయి. సన్‌స్క్రీన్, ఫుల్ హ్యాండ్స్, హెల్మెట్ వైజర్ కిందికి. మినోసైక్లిన్‌తో అయితే కొందరికి తల తిరుగుతుంది, ఎక్కువ కాలం వాడితే చర్మం మీద నీలి మచ్చలు రావొచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, చూపు మసకతో తలనొప్పి, ఇవి వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వీడియో చూస్తూ కూర్చోకూడదు.

నా మొహం, నా మాత్ర. ఊరికేంటి నష్టం?

ఇది చాలామంది పైకి అనరు కానీ లోపల అనుకుంటారు. మొటిమ బుగ్గ మీదే ఉంది. కానీ మాత్ర బుగ్గకి మాత్రమే పోదు. పేగుల్లోకి, గొంతులోకి, ముక్కులోకి, ఒళ్లంతా పోతుంది. అక్కడ ఉన్న కోటానుకోట్ల బ్యాక్టీరియాల్లో మందుకి లొంగేవి తగ్గిపోతాయి, లొంగనివి మిగులుతాయి. ఖాళీ అయిన చోటంతా వాటిదే. పైగా బ్యాక్టీరియాలు ఆ మొండితనాన్నిచ్చే జన్యువుని పక్క బ్యాక్టీరియాకి కూడా అందించగలవు, మనం పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కాపీ చేసి ఇచ్చినట్టు. జ్వరానికి ఐదు రోజులు వాడటం వేరు, మొటిమలకి నెలల తరబడి వాడటం వేరు. అందుకే ఇక్కడ గడువు అంత ముఖ్యం.

అజిత్రోమైసిన్‌నే తీసుకోండి. మన దేశంలో టైఫాయిడ్ క్రిమి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి పాత మందులకి చాలావరకు లొంగడం మానేసింది. నోటి ద్వారా వేసుకునే మందుల్లో ఇప్పుడు డాక్టర్ల చేతిలో మిగిలిన ముఖ్యమైనవాటిలో అజిత్రోమైసిన్ ఒకటి. వర్షాకాలంలో నీళ్లు కలుషితమై మీ చెల్లికి టైఫాయిడ్ వస్తే, ఇంట్లోనే మాత్రతో తగ్గుతుందా, ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకోవాలా అన్నది ఇలాంటి మందు పనిచేయడం మీద ఆధారపడి ఉంటుంది. డాక్సీసైక్లిన్ కూడా అంతే విలువైనది. పొలాల్లో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆలస్యమైతే ప్రాణం మీదకి తెచ్చే ఆ జ్వరానికి మొదటి మందు ఇదే.

2019లో ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 12.7 లక్షల మంది అని పరిశోధకుల అంచనా. ఈ మరణాలన్నీ మొటిమల మాత్రల వల్లే అని నేను అనడం లేదు. ఆసుపత్రులు, కోళ్ల ఫారాలు, జలుబుకి కూడా యాంటీబయాటిక్ అడిగే మన అలవాటు, అన్నీ ఉన్నాయి. కానీ మన చేతిలో ఉన్న వాటా అయితే ఇది.

స్ట్రిప్ మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది, చూశారా? డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు అని దాని అర్థం. స్ట్రిప్ ధర ప్లేటు బిర్యానీ కంటే తక్కువే, అందుకే చెయ్యి సులువుగా పోతుంది. డాక్టర్ ఫీజు భారం అనుకునేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. బోర్డు మీద డి.వి.ఎల్. అని రాసి ఉంటుంది. ఉదయం లైన్లో నిలబడాలి, అంతే.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఈ నాలుగు అడగండి. ఒకటి, నాకు మాత్ర నిజంగా అవసరమా, పూత మందు చాలా? రెండు, ఏ తేదీకి ఆపాలి? మూడు, దీనితో పాటు ఏం రాసుకోవాలి? నాలుగు, ఆపాక మళ్లీ వస్తే ఏం చేయాలి? మీరు ఇప్పటికే వాడుతున్న మందులు, మాత్రలు, క్రీములు అన్నీ ఫొటో తీసి చూపించండి. ఆ ఫెయిర్‌నెస్ క్రీము కూడా.

మొటిమలతో కాలేజీకి వెళ్లడం, గ్రూప్ ఫొటోలో వెనక నిలబడటం, ఎవరో చుట్టం ఫంక్షన్లో "ఏంటమ్మా మొహం ఇలా అయింది" అనడం, ఇవన్నీ చిన్న బాధలు కావు. ట్రీట్‌మెంట్ అడగడం షోకు కాదు, మీ హక్కు. సరిగ్గా వైద్యం చేయించుకుంటే చాలామందికి తగ్గుతుంది. అడిగేది మెడికల్ షాపు కుర్రాణ్ణి కాకుండా డాక్టర్ని అడగండి అనే నా మనవి.

మీ ఇంట్లో మందుల డబ్బాలో సగం వాడిన యాంటీబయాటిక్ స్ట్రిప్ ఉంటే, దాన్ని తమ్ముడికో, రూమ్మేట్‌కో ఇచ్చే ముందు ఈ పేజీ లింకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో స్టెరాయిడ్ క్రీముల సంగతి చూద్దాం. ఉంటానండీ.